ట్యాంకు అంకె తప్పు చెబితే: వైరు మీద వచ్చే తప్పుల్ని పట్టుకోవడం, దిద్దడం ఎలా

మా కొబ్బరి తోట శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి దగ్గర. బోరు, నీళ్ల ట్యాంకు తోటలో ఒక మూల, ఇల్లు ఇంకో మూల. మధ్యలో దాదాపు 300 మీటర్లు. ట్యాంకులో నీళ్లు ఎంత శాతం ఉన్నాయో చెప్పే సెన్సర్ పెట్టి, దాని వైరును ఇంటిదాకా లాగాం. మళ్లీ కాలవ తవ్వడం ఎందుకని మోటారు కేబుల్ వేసిన కాలవలోనే దీన్నీ పడుకోబెట్టాం. ఒకరోజు తెర మీద 165 శాతం అని పడింది. "నూటికి మించి నీళ్లేటిరా? బేగి ఎల్లి చూడు" అంది అమ్మ. వెళ్లి చూస్తే ట్యాంకులో నీళ్లు 37 శాతమే.

ఆ 165 మమ్మల్ని కంగారు పెట్టింది గానీ నష్టం చేయలేదు. నష్టం చేసింది 53. ఎండాకాలంలో ఒక ఉదయం తెర మీద 53 అని ఉంటే, ఇంకా సగం ఉన్నాయి కదా అని నాన్న మోటారు వేయలేదు. నిజానికి ఉన్నవి 37. మధ్యాహ్నం కరెంటు పోయి రాత్రికి గానీ రాలేదు. కొత్తగా నాటిన కొబ్బరి మొక్కలు ఆ ఒక్క రోజుకే తల వాల్చేశాయి.

ఈ మూడు అంకెల్నీ కంప్యూటర్ భాషలో, అంటే 0, 1లతో రాసి చూడండి. అందులో ఒక్కో 0 లేదా 1ని బిట్టు అంటారు. 37 అంటే 00100101. 165 అంటే 10100101. 53 అంటే 00110101. రెండుసార్లూ మారింది ఒక్క బిట్టే. ఎడమ చివరి బిట్టు తిరగబడితే ఎవరికైనా తెలిసిపోయే అబద్ధం వచ్చింది, లోపలి బిట్టు తిరగబడితే నిజంలా కనిపించే అబద్ధం వచ్చింది. మనం పట్టుకోవాల్సింది ఈ రెండోదాన్ని. అది ఎలాగో నేను నేర్చుకున్న వరసలోనే చెబుతాను. ఒక పెన్సిలు, రూళ్ల పుస్తకం, కొన్ని చింతపిక్కలు దగ్గర పెట్టుకోండి.

ముందు తప్పుల పుస్తకం

ఏ పద్ధతి వాడాలో నిర్ణయించే ముందు మీ వైరు ఎలాంటి తప్పులు చేస్తోందో తెలియాలి. చాలామంది ఈ పని వదిలేసి నేరుగా ప్రోగ్రాం రాయడానికి కూర్చుంటారు, నేనూ అలాగే చేసి రెండు వారాలు పోగొట్టుకున్నాను. సెన్సర్ దగ్గర ఎప్పుడూ ఒకే అంకె పంపేలా పెట్టండి. బిట్లు ఒకటి విడిచి ఒకటి మారే 01010101, అంటే 85, దీనికి బాగుంటుంది. ఇంటి దగ్గర 85 కానిది ఏది వచ్చినా, ఏ టైముకి వచ్చిందో, ఎన్ని బిట్లు తేడానో పుస్తకంలో రాయండి. ఆ టైముకి చుట్టుపక్కల ఏం జరిగిందో కూడా రాయండి: మోటారు వేశారా, ఆపారా, ఉరిమిందా, వాన పడిందా, పక్క తోటలో వెల్డింగ్ జరిగిందా.

నాలుగు రోజులకే మా పుస్తకం విషయం చెప్పేసింది. తప్పులన్నీ మోటారు వేసిన క్షణంలో, ఆపిన క్షణంలో వస్తున్నాయి. కొన్నిసార్లు ఒక్క బిట్టు, ఎక్కువసార్లు వరసగా ఆరేడు బిట్లు గుంపుగా. ఒక్కొక్కటిగా చెదురుమదురుగా వచ్చే తప్పు వేరు, గుంపుగా వచ్చే తప్పు వేరు. రెండింటికీ మందులు కూడా వేరు.

వైరు బాగు చేయకుండా లెక్కల జోలికి పోవద్దు

డేటా వైరును మోటారు కేబుల్ నుంచి వీలైనంత దూరం జరపండి. దాటక తప్పని చోట నిలువుకు అడ్డంగా దాటించండి, పక్కపక్కన మాత్రం నడిపించొద్దు. ఒకదాన్నొకటి మెలేసిన జంట తీగల కేబులే వాడండి. మెలి ఉండడం వల్ల బయటి చప్పుడు (మోటారు లాంటివి తీగలో పుట్టించే విద్యుత్ అలజడి) రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది. ఆర్‌ఎస్-485 అనే జంట తీగల పద్ధతిలో అవతలివాడు చూసేది ఆ రెండింటి మధ్య తేడానే కాబట్టి చప్పుడు చాలావరకు కొట్టుకుపోతుంది. ఈ పద్ధతిలో తక్కువ వేగం దగ్గర 1200 మీటర్ల దాకా పంపవచ్చు. లైనుకి రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టడం మరిచిపోవద్దు. అది లేకపోతే సిగ్నల్ చివరికి వెళ్లి గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వచ్చి, వెనక వస్తున్న బిట్టును చెడగొడుతుంది.

ఉద్దానంలో ఉండేవాళ్లకి ఇంకో మాట. సముద్రపు గాలికి రాగి తీగలు చిలుము పడతాయి. మూడు నెలలకోసారి స్క్రూలు విప్పి, పచ్చగా మారిన కొసలు కత్తిరించి, మళ్లీ బిగించండి. మా లైనులో సగం తప్పులు దీనితోనే పోయాయి.

పిక్కలతో పారిటీ

చింతపిక్కను రెండుగా పగలగొడితే ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు. అష్టాచెమ్మా ఆడినవాళ్లకి చెప్పక్కర్లేదు. తెలుపు పైకి ఉంటే 1, నలుపు పైకి ఉంటే 0 అనుకోండి. 37ను పరవండి: నలుపు నలుపు తెలుపు నలుపు నలుపు తెలుపు నలుపు తెలుపు. తెల్లవి మూడు. ఇప్పుడు తొమ్మిదో పిక్క పెట్టండి, మొత్తం తెల్లవి సరి సంఖ్య అయ్యేలా. మూడు ఉన్నాయి కాబట్టి తొమ్మిదోది తెల్లగా పెడితే నాలుగు అవుతాయి. దీన్నే పారిటీ బిట్ అంటారు.

ఇంట్లో ఎవరినైనా పిలిచి, మీరు చూడకుండా ఒక పిక్క తిప్పమనండి. తర్వాత లెక్కపెడితే తెల్లవి బేసి వస్తాయి. తప్పు దొరికింది. మమ్మల్ని ముంచిన 53ను కూడా ఇది పట్టేసేది. ఇప్పుడు రెండు పిక్కలు తిప్పమనండి. లెక్క మళ్లీ సరి వచ్చేస్తుంది, మీకు ఏమీ తెలియదు. 37లో రెండు బిట్లు తిరగబడి 55 అయితే పారిటీ కళ్లు మూసుకుని దాన్ని లోపలికి పంపేస్తుంది.

అయినా పారిటీని వాడండి, ఖర్చు ఒక్క బిట్టే. సీరియల్ పోర్టు సెట్టింగుల్లో చాలా పరికరాలు 8ఎన్1 అని వస్తాయి. అందులో ఎన్ అంటే పారిటీ లేదని. దాన్ని రెండు చివర్లా 8ఈ1కి మార్చండి, ఈ అంటే సరి పారిటీ. ఒక చివర మార్చి ఇంకో చివర మరిచిపోతే చాలా అంకెలు తప్పుగా కనిపిస్తాయి, అప్పుడు టెన్షన్ పడకుండా ముందు ఈ సెట్టింగే చూడండి.

మొత్తం కూడి పంపడం ఎందుకు చాలదు

ట్యాంకు నంబరు 3, నీటి శాతం 37, మోటారు స్థితి 1 అని మూడు అంకెలు పంపుతున్నారనుకోండి. వాటి మొత్తం 41ని చివర జోడించి పంపితే, అవతలివాళ్లు మళ్లీ కూడి చూసుకోవచ్చు. కిరాణా బిల్లు చివర మొత్తం వేసినట్టే. కానీ 3, 37 స్థానాలు మారిపోయినా మొత్తం 41గానే ఉంటుంది. ఒకటి రెండు పెరిగి ఇంకొకటి రెండు తగ్గినా 41గానే ఉంటుంది. అంకె స్థానం కూడా లెక్కలోకి రావాలి. ఆధార్ నంబరులో పన్నెండో అంకె ఇందుకే ఉంది. వెర్‌హోఫ్ పద్ధతిలో లెక్కకట్టిన ఆ అంకె, రాసేటప్పుడు ఒక అంకె తప్పినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా పట్టుకుంటుంది.

వైరు మీద ఆ పని చేసేది సైక్లిక్ రిడండెన్సీ చెక్, పొట్టిగా సీఆర్‌సీ.

సీఆర్‌సీ: అప్పు తీసుకోని భాగహారం

ఇది చేత్తో ఒక్కసారి చేస్తే జన్మలో మరిచిపోరు. నియమం ఒక్కటే: తీసివేతలో అప్పు తీసుకోవడం లేదు. రెండు బిట్లు ఒకటే అయితే 0, వేరైతే 1.

పంపాల్సింది 1101. ఇద్దరూ ముందే ఒప్పుకున్న భాజకం 1011. భాజకంలో నాలుగు బిట్లు ఉన్నాయి కాబట్టి పంపాల్సినదాని చివర మూడు సున్నాలు పెట్టండి: 1101000. ఇప్పుడు భాగించండి. 1101 కింద 1011 వేస్తే 0110. ముందున్న సున్నా వదిలి తర్వాతి బిట్టు దింపితే 1100. దాని కింద 1011 వేస్తే 0111, బిట్టు దింపితే 1110. మళ్లీ వేస్తే 0101, దింపితే 1010. మళ్లీ వేస్తే 0001. శేషం 001. సున్నాల చోట ఆ శేషం పెట్టి 1101001 పంపండి. అవతలివాళ్లు అందిన ఏడు బిట్లనూ అదే 1011తో భాగిస్తారు. శేషం సున్నా అయితే తీసుకుంటారు, కాకపోతే పారేస్తారు. మధ్యలో ఏ బిట్టునైనా మీరే తిప్పి భాగించి చూడండి, శేషం సున్నా రాదు.

అసలు పనికి 16 బిట్ల సీఆర్‌సీ చాలు. ఫ్యాక్టరీల్లో, పంపుల దగ్గర పరికరాలు మాట్లాడుకునే పద్ధతిగా విరివిగా కనిపించే మోడ్‌బస్ ఆర్‌టీయూ వాడేది కూడా అదే. 16 బిట్లు లేదా అంతకంటే చిన్న గుంపుగా వచ్చిన తప్పు ఏదైనా దీనికి తప్పక చిక్కుతుంది. అంతకంటే పొడుగు గుంపుల్లో తప్పించుకునేది దాదాపు 65,536లో ఒకటి. మా మోటారు చేసేది ఆరేడు బిట్ల గుంపులని పుస్తకం ముందే చెప్పింది కదా, అందుకే నేను దీన్ని నమ్మి తీసుకున్నాను.

ప్రోగ్రాం మీరు రాసినా, ఎక్కడినుంచైనా తెచ్చుకున్నా, ముందు పరీక్షించండి. 1 నుంచి 9 వరకు తొమ్మిది అంకెల అక్షరాలు వరసగా ఇస్తే మోడ్‌బస్ సీఆర్‌సీ హెక్సాలో (పదహారు అంకెల లెక్కింపులో) 4బి37 రావాలి. రాకపోతే మొదటి విలువ హెక్సాలో ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్‌గా పెట్టారో లేదో చూడండి. ఆ తర్వాత ఎక్కువమంది తడబడేది బైట్ల (ఎనిమిదేసి బిట్ల ముక్కల) వరసలో: మోడ్‌బస్‌లో కుడివైపు బైటు ముందు వెళ్లాలి, అంటే 37 ముందు, 4బి తర్వాత.

తప్పు దొరికింది, ఇప్పుడేం చేయాలి?

రెండువైపులా మాట్లాడుకోగలిగే వైరు ఉంటే మళ్లీ అడగడమే మంచి పద్ధతి. సంతలో గోలగా ఉన్నప్పుడు ఫోనులో "ఏటీ, మళ్లీ చెప్పు" అంటాం కదా, అంతే. కానీ యంత్రానికి కొన్ని పద్ధతులు నేర్పాలి.

అందిన ప్రతి సరైన కబురుకీ అందిందని జవాబు పంపించండి. పంపినవాడు కొంతసేపు చూసి, జవాబు రాకపోతే మళ్లీ పంపాలి. సెకనుకి 9600 బిట్ల వేగంలో ఎనిమిది బైట్ల కబురు వెళ్లడానికి దాదాపు 9 మిల్లీ సెకన్లు పడుతుంది కాబట్టి 200 మిల్లీ సెకన్లు ఆగడం ధారాళంగా సరిపోతుంది. మోటారు వేసినప్పుడు వచ్చే చప్పుడు కూడా ఈలోగా సద్దుమణుగుతుంది.

ఇక్కడ ఒక గుంట ఉంది, జాగ్రత్త. కబురు సరిగ్గానే అంది, అందిందన్న జవాబు దారిలో పోయిందనుకోండి. పంపినవాడు అదే కబురు మళ్లీ పంపుతాడు. ఆ కబురు "మోటారు మార్చు" అయితే మొదటిసారికి వేసి, రెండోసారికి ఆపేస్తుంది. అందుకే ప్రతి కబురుకీ వరస సంఖ్య ఇవ్వండి, అదే సంఖ్య రెండోసారి వస్తే జవాబు మాత్రం ఇచ్చి పని చేయకుండా ఊరుకోవాలి. ఆజ్ఞ కూడా "మార్చు" అని కాకుండా "వెయ్యి" లేదా "ఆపు" అని ఖచ్చితంగా ఉండాలి. వేసి ఉన్న మోటారుకి వెయ్యి అని పదిసార్లు చెప్పినా నష్టం లేదు.

మూడుసార్లు అడిగినా సరైనది రాకపోతే తెర మీద పాత అంకె ఉంచొద్దు. "సమాచారం లేదు" అని చూపించండి. మా 53 కథలో తెర ఆ రెండు మాటలు చూపించి ఉంటే నాన్న ట్యాంకు దగ్గరికి నడిచి వెళ్లేవారు.

అడిగే వీలు లేనప్పుడు: హామింగ్ కోడ్

సెన్సర్ పంపడమే తప్ప వినలేనిదైతే, లేదా బ్యాటరీ మీద బతుకుతూ మళ్లీ మళ్లీ పంపే ఓపిక లేనిదైతే, అందినవాళ్లే తప్పును దిద్దుకోవాలి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో రిచర్డ్ హామింగ్ వారాంతాల్లో రిలే కంప్యూటర్ మీద లెక్కలు పెట్టి వెళ్లేవాడు. తప్పు కనిపించగానే ఆ యంత్రం అతని లెక్క వదిలేసి ఇంకొకరిది అందుకునేది. తప్పు ఉందని తెలుసుకోగలిగిన యంత్రం అది ఎక్కడుందో ఎందుకు తెలుసుకోలేదని అతనికి కోపం వచ్చింది. ఆ కోపంలోంచి పుట్టిన పద్ధతిని 1950లో అచ్చువేశాడు. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి తొందరపడకుండా చేయండి.

కాగితం మీద 1 నుంచి 7 దాకా ఏడు గళ్లు గీయండి. 1, 2, 4 గళ్లు కాపలావి. 3, 5, 6, 7 గళ్లు సరుకువి. పంపాల్సింది 1011 అనుకోండి. ఆ నాలుగింటినీ వరసగా 3, 5, 6, 7 గళ్లలో పెట్టండి: మూడో గడిలో తెలుపు, అయిదులో నలుపు, ఆరులో తెలుపు, ఏడులో తెలుపు.

ఇప్పుడు కాపలావాళ్లు. 1వ గడి కాపలా కాసేది 1, 3, 5, 7 గళ్లు. 2వ గడి కాసేది 2, 3, 6, 7. 4వ గడి కాసేది 4, 5, 6, 7. ఎవరి గుంపులో వాళ్లు తెల్లవి సరి సంఖ్య అయ్యేలా నిలబడాలి. మొదటి గుంపులో 3, 7 తెల్లవి, రెండు ఉన్నాయి, కాబట్టి 1వ గడి నలుపు. రెండో గుంపులో 3, 6, 7 తెల్లవి, మూడు ఉన్నాయి, కాబట్టి 2వ గడి తెలుపు. మూడో గుంపులో 6, 7 తెల్లవి, కాబట్టి 4వ గడి నలుపు. మొత్తం వరస 0110011.

పిల్లల్ని పిలిచి ఏదో ఒక పిక్క తిప్పమనండి. 6వది తిప్పారనుకుందాం. వరస 0110001 అయింది. మీరు ముగ్గురు కాపలావాళ్లనూ అడగండి. 1వ గుంపులో తెల్లవి రెండు, బాగానే ఉందంటాడు. 2వ గుంపులో మూడు, గొడవ ఉందంటాడు. 4వ గుంపులో ఒకటే, గొడవ ఉందంటాడు. గొడవ ఉందన్నవాళ్ల నంబర్లు కూడండి: 2, 4 కలిపితే 6. ఆరో పిక్కను తిప్పేయండి. మా మేనకోడలు దీన్ని గారడీ అనుకుని ఏడు గళ్లూ ఒక్కొక్కటిగా తిప్పి చూసింది, ప్రతిసారీ దొరికింది. కాపలా పిక్కను తిప్పినా సరే, అది ఒక్కటే గొడవ చేస్తుంది కాబట్టి దాని నంబరే వస్తుంది.

గారడీ కాదని ఎప్పుడు తెలుస్తుందంటే, రెండు తిప్పినప్పుడు. 3, 6 రెండూ తిప్పితే వరస 0100001. 1వ గుంపు గొడవ, 2వ గుంపు బాగుంది, 4వ గుంపు గొడవ. కూడితే 5. నమ్మి అయిదో పిక్కను తిప్పితే సరుకు 0101 అవుతుంది. పంపింది 1011. ఉన్న తప్పుకి మన చేతులతో ఇంకో తప్పు కలిపాం. దిద్దడం, పట్టుకోవడం కంటే ప్రమాదకరమని చెప్పేది ఇందుకే.

దీనికి విరుగుడు ఎనిమిదో పిక్క. ఏడింటినీ కలిపి తెల్లవి సరి అయ్యేలా దాన్ని పెట్టండి. మన వరసలో తెల్లవి నాలుగు ఉన్నాయి, కాబట్టి ఎనిమిదోది నలుపు. అందిన తర్వాత మొత్తం బేసి వస్తే ఒకటే తప్పు, ధైర్యంగా దిద్దండి. మొత్తం సరిగా ఉండి కాపలావాళ్లు గొడవ చేస్తుంటే రెండు తప్పులు, ముట్టుకోకుండా పారేయండి. సర్వర్ల మెమరీ కూడా ఇలాగే నడుస్తుంది: 64 బిట్ల సరుకుకి 8 బిట్ల కాపలా. నాలుగు బిట్లకి నాలుగు కాపలా అంటే ఖరీదు అనిపిస్తుంది గానీ, సరుకు పెరిగేకొద్దీ కాపలా ఖర్చు ఇలా తగ్గుతుంది.

గుంపు తప్పుల్ని విడదీయండి

హామింగ్ ఒక వరసకి ఒక తప్పునే దిద్దుతుంది, మన మోటారు గుంపుగా కొడుతుంది. అందుకని నాలుగు వరసలు ఒకదాని కింద ఒకటి పరవండి, వరసకి ఏడు పిక్కలు. పంపేటప్పుడు అడ్డంగా కాకుండా నిలువుగా పంపండి: ముందు మొదటి నిలువు నాలుగూ, తర్వాత రెండో నిలువు నాలుగూ. దారిలో వరసగా నాలుగు బిట్లు పోయినా, అందినవాళ్లు మళ్లీ అడ్డంగా పరిచేసరికి వరసకి ఒక్కటే పోయి ఉంటుంది. నాలుగూ దిద్దుకుంటాయి. మీ పుస్తకంలో గుంపు ఎంత పొడుగుంటే అన్ని వరసలు పెట్టండి. మాకు ఎనిమిది సరిపోయాయి.

వైరు లాగలేని చోట లోరా అనే, తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియోలు వాడేవాళ్లకి ఈ రెండు పనులూ చిప్ లోపలే జరుగుతాయి. మన దేశంలో లైసెన్సు లేకుండా 865–868 మెగాహెర్ట్జ్‌లో పంపవచ్చు. సెట్టింగుల్లో కోడింగ్ రేటు (నాలుగు బిట్ల సరుకుకి కాపలాతో కలిపి మొత్తం ఎన్ని బిట్లు పంపాలన్నది) 4/5 నుంచి 4/8 దాకా ఉంటుంది. 4/5, 4/6 తప్పును పట్టుకుంటాయే గానీ దిద్దలేవు, దిద్దాలంటే 4/7 లేదా 4/8 పెట్టండి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫానుకి మా వైపు స్తంభాలు ఎలా ఒరిగాయో చూసినవాణ్ణి కాబట్టి, వైరుతో పాటు ఇదొకటి ఉండడం మంచిదని నా అభిప్రాయం.

ఇంకా పెద్ద తప్పుల్ని ఓర్చుకునే రీడ్-సాలమన్ పద్ధతి గురించి తెలుసుకోవాలంటే టీ కొట్టులో అంటించిన క్యూఆర్ కోడ్ చూడండి. మరకలు పడినా స్కాన్ అవుతుంది. మీరే ఒకటి అచ్చువేసి మధ్యలో కాగితం ముక్క పెట్టి చూడండి. ఎంచుకున్న స్థాయిని బట్టి దాదాపు 7 శాతం నుంచి 30 శాతం దాకా పోయినా చదువుతుంది. మూడు మూలల్లోని పెద్ద చదరాలు మాత్రం మూయకండి, వాటికి ఈ రక్షణ లేదు.

ఆఖరి పరీక్ష

అంతా పెట్టాక ఒక మనిషిని మోటారు దగ్గర నిలబెట్టండి. మీరు తెర ముందు కూర్చుని, ఫోనులో చెబుతూ పదిసార్లు మోటారు వేయించి ఆపించండి. స్టార్టరు వేడెక్కకుండా ప్రతిసారికీ మధ్య కొన్ని నిమిషాలు ఆగండి. పారేసిన కబుర్ల లెక్క, దిద్దిన కబుర్ల లెక్క వేరువేరుగా చూపించేలా ప్రోగ్రాంలో పెట్టుకోండి. ఆ రెండూ పెరిగితే కంగారు పడక్కర్లేదు, కాపలా పని చేస్తోందన్నమాట. ఒక్కసారికే పదుల్లో పెరిగితే మాత్రం మళ్లీ వైరు దగ్గరికి వెళ్లండి. మోటారు దగ్గరున్న మనిషి చేత ట్యాంకులో కొలకర్ర పెట్టించి, ఆయన చెప్పిన శాతాన్ని తెర మీది అంకె పక్కనే పుస్తకంలో రాయండి, ఇరవై సార్లూ.